శుక్రవారం కబుర్లు: ఆగడం వచ్చినవాడిదే ఆట

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి కువైట్ నుంచి. రాసిన తమ్ముడు ఒక ఇంట్లో డ్రైవరు. ఊరు రాయచోటి దగ్గర ఒక పల్లె. పేరు వేయొద్దన్నాడు, వేయడం లేదు. అతని కొడుకు పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఫోన్లో వీడియోలు చూసి, సైకిలు మీద విన్యాసాలు నేర్చుకుంటానని మొదలుపెట్టాడట. ఉన్న సైకిలుకి ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ పీకించేశాడట. ఆ వీడియోల్లో ఎవరికీ బ్రేకులుండవు, అదే స్టైలు అంటాడట. ఇప్పుడు 'ఫిక్స్‌డ్ గేర్' సైకిలు కొనుక్కుంటాను, డబ్బు పంపమంటున్నాడు. తండ్రి ఫోన్లో గట్టిగా కేకలేశాడు. ఆ రోజు నుంచి పిల్లవాడు తండ్రి ఫోన్ తీయడం మానేశాడు. తల్లి మధ్యలో నలుగుతోంది. "ఇదేం ఆటన్నా? డబ్బు పంపాల్నా, వద్దా? నాకు సైకిలంటే పాలక్యాన్లు తగిలించుకుని పొయ్యేదే తెలుసు" అని రాశాడు.

పిల్లలు అక్కడ, తండ్రులు ఇక్కడ. ఇలాంటి ప్రశ్న గల్ఫులో మన వాళ్ళు ఇంకా ఎందరికో ఉంటుంది. అందుకే ఈ వారం కాలమంతా దీనికే.

తమ్ముడూ, మిగతాది తర్వాత చదువుదువుగాని. ముందు ఇంటికి ఫోన్ చెయ్యి. పిల్లవాడు తీయకపోతే వాళ్ళమ్మతోనే చెప్పు. సైకిలు వెనక చక్రం నేలకు తగలకుండా ఎత్తి పట్టుకుని, పెడలు నాలుగు సార్లు గట్టిగా తిప్పి, చేత్తో పెడలు ఆపమను. పెడలు ఆగినా చక్రం టికటికమంటూ తిరుగుతూనే ఉంటే అది ఫ్రీవీలు సైకిలు. అంటే మనందరం తొక్కిన మామూలు సైకిలే. దానికి బ్రేకులు తీసేస్తే ఆపడానికి కాలి చెప్పు తప్ప ఇంకేమీ మిగలదు. మళ్ళీ బ్రేకులు వేయించేదాకా ఆ సైకిలుకు తాళం వేసి, తాళంచెవి ఆమె దగ్గరే ఉంచుకోమను.

ఎందుకంటే ఆ వీడియోల్లో కుర్రాళ్ళు తొక్కేది వేరే యంత్రం. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. లోపల మాత్రం ఒక చిన్న తేడా ఉంది. ఆట మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది.

కుట్టు మిషను లాంటి సైకిలు

మన పాఠకుల్లో టైలర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఒక్క మాటలో అర్థమవుతుంది. కాలితో తొక్కే పాత కుట్టు మిషను చక్రం తిరుగుతున్నంతసేపూ కింద కాలిపలక ఆడుతూనే ఉంటుంది. పలకను కాలితో నొక్కిపెడితే చక్రం ఆగుతుంది. ఫిక్స్‌డ్ గేర్ సైకిలు కూడా అంతే. చిన్న పిల్లల మూడు చక్రాల బండి చూడండి. పెడలు ముందు చక్రానికే బిగించి ఉంటుంది. చక్రం తిరిగితే పెడలు తిరగాల్సిందే. వెనక్కి తొక్కితే బండి వెనక్కి పోతుంది.

మామూలు సైకిలు వెనక చక్రంలో ఫ్రీవీలు ఉంటుంది. తొక్కితే చైను పట్టు దొరుకుతుంది, ఆపితే పట్టు వదిలేస్తుంది. అందుకే దిగుడులో కాళ్ళు కదపకుండా హాయిగా జారిపోతాం. ఫిక్స్‌డ్‌లో ఆ హాయి లేదు. వెనక పళ్ళ చక్రం హబ్బుకే బిగించి ఉంటుంది. బండి కదులుతున్నంతసేపూ కాళ్ళు తిరుగుతూనే ఉండాలి. దిగుడులో కాలు ఆపుదామని మరిచిపోయి బిగబట్టావో, పెడలే నిన్ను పైకి విసురుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టింది కాదు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన రోవర్ సైకిలుతో, రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉండే నేటి ఆకారం స్థిరపడింది. ఆ కాలపు సైకిళ్ళన్నీ ఇలా బిగించినవే. ఫ్రీవీలు అందరికీ అందింది 1900 ప్రాంతంలో. ఆ తర్వాత లోకమంతా ఫ్రీవీలుకు మారింది. పాత పద్ధతి రెండు చోట్ల మిగిలింది. ఒకటి సర్కస్. రెండోది వెలోడ్రోమ్, అంటే అంచులు పైకి వాలి ఉండే గుండ్రటి పందెపు ట్రాక్. అక్కడ ఒకరి వెనక ఒకరు జానెడు దూరంలో పోతుంటారు. ముందున్నవాడు ఠక్కున బ్రేకు వేస్తే వెనకవాళ్ళందరూ కుప్పకూలతారు. అందుకే అక్కడ ఎవరికీ బ్రేకులుండవు. అందరూ కాళ్ళతోనే వేగం తగ్గించుకుంటారు. జపాన్‌లో 1948లో కొకురా పట్టణంలో మొదలైన కెయిరిన్ పందేలు ఇలాంటి సైకిళ్ళ మీదే జరుగుతాయి. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో కూడా ఒక వెలోడ్రోమ్ ఉంది.

అంటే బ్రేకు లేకపోవడం స్టైలు కోసం పుట్టింది కాదు. ఎదురు బండి రాని, కుక్క అడ్డం రాని, పిల్లలు పరుగెత్తని చోట పుట్టిన ఏర్పాటు అది. ఈ మాట పిల్లవాడికి తప్పక చెప్పాలి.

డ్యూటీలోంచి పుట్టిన ఆట

మరి ట్రాక్ మీద తిరిగే సైకిలు రోడ్డు మీదికి ఎలా వచ్చింది? ఈ కథ మన వాళ్ళకు దగ్గరగా ఉంటుంది. తెచ్చింది పనివాళ్ళు.

న్యూయార్క్‌లో 1980లలో సైకిల్ మెసెంజర్లు వేలల్లో ఉండేవాళ్ళు. ఈమెయిల్ లేని రోజులు. లాయర్ల కాగితాలు, బ్యాంకు పత్రాలు, ఫోటోలు, ప్రింటింగు డిజైన్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు గంటలో చేరాలంటే వీళ్ళే దిక్కు. ఎక్కువమందికి నెల జీతం లేదు. ఎన్ని కవర్లు చేరిస్తే అన్ని డబ్బులు. దెబ్బ తగిలి పడుకుంటే ఆ రోజు కూలి లేనట్టే. ఇక్కడ బైకు మీద ఆహారం పార్సిళ్ళు చేరవేసే మన తమ్ముళ్ళకు ఈ లెక్క వివరించి చెప్పక్కర్లేదు.

వాళ్ళలో కొందరు ట్రాక్ సైకిలు పట్టారు. కరేబియన్ దీవుల నుంచి వలస వచ్చిన మెసెంజర్లే వాటిని న్యూయార్క్ వీధుల్లోకి తెచ్చారని ఆ వృత్తివాళ్ళు చెప్పుకుంటారు. ఆ సైకిలుకు గేర్లు లేవు, వాటి తీగలు లేవు, చెడిపోయే సామాను తక్కువ. వానలో, మంచులో చక్రం నేలను ఎంత పట్టుకుందో కాలికే తెలుస్తుంది. ట్రాఫిక్ మధ్యలో నడక వేగంతో కూడా అదుపులో ఉంటుంది. సిగ్నలు పడితే కాలు కింద పెట్టకుండా నిలబడొచ్చు. పచ్చ దీపం పడగానే ముందు కదిలేది వాళ్ళే.

నగరానికి వాళ్ళంటే చికాకు కూడా ఉండేది. 1987లో మేయర్ ఎడ్ కాచ్, నగరం నడిబొడ్డున మూడు పెద్ద వీధుల్లో పని రోజుల్లో పగటిపూట సైకిళ్ళు తిరగకూడదని ప్రకటించాడు. పొట్టకొట్టే ఆ నిషేధం మీద మెసెంజర్లు వీధిలోకి వచ్చారు. చివరికి కోర్టులో అది నిలవలేదు. వాళ్ళలోంచే వచ్చిన మనిషి నెల్సన్ వెయిల్స్. న్యూయార్క్ హార్లెం పేటలో పుట్టి, మెసెంజరుగా కవర్లు మోసిన ఈ నల్లజాతి యువకుడు 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ట్రాక్ స్ప్రింట్ పందెంలో వెండి పతకం గెలిచాడు.

పని మధ్యలో ఖాళీ దొరికితే కుర్రాళ్ళు ఊరుకుంటారా? తర్వాతి కవరు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డ చోటే పందేలు మొదలయ్యాయి. కాలు కింద పెట్టకుండా ఎవరు ఎక్కువసేపు నిలబడతారు? చక్రం బిగించి ఎవరు ఎక్కువ దూరం జారతారు? వెనక్కి తొక్కుతూ ఎవరు గుండ్రంగా తిరుగుతారు? 1993లో బెర్లిన్‌లో మెసెంజర్ల మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. ఇలాంటి పందేలు అలాంటి మేళాల్లో భాగమయ్యాయి. ఈ ఆటకు వేళ్ళు అక్కడ ఉన్నాయి.

కాలు చేసే పనులు

ఇక విన్యాసాల సంగతి. మీ పిల్లలు ఏం చూస్తున్నారో మీకూ కొంత తెలిస్తేనే మాట కలుస్తుంది.

మొదటిది ట్రాక్‌స్టాండ్. కదలకుండా నిలబడటం. పెడళ్ళు రెండూ నేలకు సమాంతరంగా ఉంచి, సీటు మీంచి లేచి, ముందు చక్రాన్ని కాస్త పక్కకు తిప్పి ఉంచుతారు. బండి ఒక పక్కకు ఒరిగితే పెడలు వేలెడు ముందుకు నొక్కాలి. రెండో పక్కకు ఒరిగితే వేలెడు వెనక్కి లాగాలి. బయటికి విగ్రహంలా కనిపిస్తాడు గానీ కాళ్ళు లోలోపల పని చేస్తూనే ఉంటాయి. ఇది రానివాడికి మిగతావేవీ రావు.

రెండోది స్కిడ్. పోతూ పోతూ ఒళ్ళంతా హ్యాండిలు మీదికి వంచి, వెనక చక్రం మీది బరువు తగ్గించి, కాళ్ళు బిగించేస్తారు. వెనక చక్రం ఆగిపోయి టైరు రోడ్డు మీద జరజరా జారుతుంది. ఇందులో ఒక లెక్క ఉంది. మన ఫిట్టర్లకు బాగా నచ్చుతుంది. ముందు పళ్ళ చక్రానికి 48 పళ్ళు, వెనక దానికి 16 ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం సరిగ్గా మూడు చుట్లు. ఎప్పుడూ ఒకే కాలు ముందుంచి బిగిస్తే, టైరు ఎప్పుడూ అదే చోట నేలకు రాసుకుంటుంది. కొన్ని రోజుల్లోనే ఆ ఒక్క చోట టైరు అరిగి, ట్యూబు బయటికి తొంగిచూస్తుంది. వెనక 16కు బదులు 17 పళ్ళు వేశారా, అరుగుదల 17 చోట్లకు సమంగా పంచుకుపోతుంది. ఒక్క పన్ను తేడాతో టైరు ఆయుష్షు మారిపోతుంది.

మూడోది వెనక్కి పోవడం. ఫ్రీవీలు సైకిలు వెనక్కి తొక్కలేం. ఇది తొక్కొచ్చు. వెనక్కి తొక్కుతూ గుండ్రంగా తిరగడం, హ్యాండిలు మీద కూర్చుని తిరగడం ఈ కోవవే. ముందుకు పోతూ సైకిలును గాల్లో సగం చుట్టు తిప్పి దించితే, దిగాక బండి వెనక్కి దొర్లుతుంది. ఫ్రీవీలు అయినా అప్పుడు చక్రం పెడళ్ళను వెనక్కి తిప్పుతుంది. ఫిక్స్‌డ్ మీదా దిగిన మరుక్షణం నుంచి కాళ్ళు వెనక్కి తిరగాల్సిందే. ఒక్క క్షణం ఆలస్యమైతే పడతాడు. ఇంకోటి బార్‌స్పిన్. ముందు చక్రం ఎత్తి, హ్యాండిలు వదిలేసి, అది ఒక పూర్తి చుట్టు తిరిగి రాగానే మళ్ళీ పట్టుకోవడం. పాదాలు పెడలు మీంచి జారకుండా గట్టి పట్టీలు కట్టుకుంటారు.

2000ల నడుమ శాన్ ఫ్రాన్సిస్కోలో, న్యూయార్క్‌లో, టోక్యోలో ఈ ఆట ఒక ఊపు ఊపింది. 2007లో వచ్చిన 'మ్యాష్' అనే చిత్రం శాన్ ఫ్రాన్సిస్కో కొండ వీధుల్లో ఈ కుర్రాళ్ళు తొక్కే తీరును ప్రపంచమంతా చూపించింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో మెట్ల మీంచి దూకడం, ఇనుప కమ్మీల మీద జారడం దాకా పోయింది. అక్కడే ఇబ్బంది వచ్చింది. ట్రాక్ సైకిలు నున్నటి పలకల మీద వేగంగా పోవడానికి చేసింది. మెట్ల మీంచి దూకితే ఫోర్కు వంగింది, ఫ్రేము అతుకుల దగ్గర చీలింది. బార్‌స్పిన్ చేద్దామంటే ముందు చక్రం కాలివేళ్ళకు, ఫ్రేము గొట్టానికి తగిలేది. అప్పుడు తయారీదార్లు ఆట కోసమే వేరే ఫ్రేములు చేశారు. గొట్టాలు మందం చేశారు. ముందు చక్రం స్వేచ్ఛగా తిరిగేలా జాగా పెంచారు. పెద్ద సన్నటి చక్రాలు పోయి 26 అంగుళాల లావు టైర్లు వచ్చాయి. గేరు తేలిక చేశారు. చివరికి అది చిన్న చక్రాల బిఎమ్ఎక్స్ సైకిలుకు అన్నలా తయారైంది. 2010ల నడుమకల్లా ఆ వేడి తగ్గింది. ఇప్పుడు ఆడేవాళ్ళు చిన్న చిన్న గుంపులుగా ఉన్నారు. కానీ అప్పటి వీడియోలు ఎక్కడికీ పోలేదు. అవే ఇప్పుడు రాయచోటిలో ఫోన్ల మీద తిరుగుతున్నాయి.

తండ్రులు గమనించాల్సింది ఒకటుంది. మెట్లు దూకే ఆ సైకిలు ఆ పని కోసమే గట్టిగా కట్టింది. దాని మీద ఉన్నవాడు ఏళ్ళ తరబడి పడి లేచినవాడు. వీడియోలో ఆ పడటాలు ఉండవు.

జర్మనీ చెక్క నేల, మన ఊరి బడి మైదానం

ఈ ఆటకు ఒక పెద్దక్క ఉంది. యూరప్‌లో, ముఖ్యంగా జర్మనీలో, 'ఆర్టిస్టిక్ సైక్లింగ్' అంటారు. అదీ ఫిక్స్‌డ్ గేరే. ముందు, వెనక పళ్ళు సమానం. బ్రేకులు ఉండవు. 1888లోనే నికొలస్ ఎడ్వర్డ్ కాఫ్‌మన్ అనే అమెరికా వాసి పేరిట మొదటి అనధికార ప్రపంచ పోటీ నమోదైంది. అధికారిక ప్రపంచ పోటీలు 1956 నుంచి జరుగుతున్నాయి. ఆడేది లోపల, చదునైన హాలు నేల మీద. మహా అయితే 14 మీటర్ల పొడవు, 11 మీటర్ల వెడల్పు. అయిదు నిమిషాల్లో ముందే రాసిచ్చిన వరుసలో విన్యాసాలు చేయాలి. సీటు మీద నిలబడతారు, హ్యాండిలు మీద తలకిందులుగా నిలబడతారు, ముందు చక్రం గాల్లో ఉంచి ఒక్క వెనక చక్రం మీద గుండ్రంగా తిరుగుతారు. జర్మనీ ఆటగాడు లూకాస్ కోల్ ఇందులో ఎన్నోసార్లు ప్రపంచ విజేత. 2023లో గ్లాస్గోలో జరిగిన సైక్లింగ్ ప్రపంచ పోటీల్లో ఇదీ ఒక భాగం. చిన్నప్పుడే క్లబ్బులో చేరి, శిక్షకుడు పక్కన ఉండగా నేర్చుకుంటారు.

మనకూ సైకిలు ఫీట్లు కొత్త కాదు. నలభై దాటినవాళ్ళకు గుర్తుంటుంది. బడి ముందు మైదానంలో గుంజలు పాతి, రంగు కాగితాలు, ట్యూబులైట్లు కట్టి, మైకులో పాటలు పెట్టేవాళ్ళు. ఒక మనిషి మూడు రోజులో, ఏడు రోజులో సైకిలు దిగకుండా తొక్కేవాడు. స్నానం సైకిలు మీదే, అన్నం సైకిలు మీదే. వెనక్కి తిరిగి కూర్చుని తొక్కేవాడు. పళ్ళతో బిందె ఎత్తేవాడు. రాత్రయితే ఛాతీ మీద ట్యూబులైట్లు పగలగొట్టించుకునేవాడు. చివరి రోజు ఊరి పెద్ద నోట్ల దండ వేసేవాడు. అతను ఇంకో ఊరికి పోయాక వారం రోజులు పిల్లలందరూ హ్యాండిలు వదిలేసి తొక్కేవాళ్ళు, మోకాళ్ళు చీరుకునేవాళ్ళు. మన అమ్మలు తిట్టారు, పసుపు పెట్టారు. కాబట్టి మన పిల్లలకే కొత్తగా ఏదో పిచ్చి పట్టిందనుకోనక్కర్లేదు. తేడా ఏమిటంటే, అప్పుడు ఊరి రోడ్డు మీద రోజుకు రెండు బస్సులు, నాలుగు ఎడ్లబండ్లు. ఇప్పుడు అదే రోడ్డు మీద ఇసుక టిప్పర్లు.

రోడ్డు మీద జరిగినవి

భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని రాస్తున్నాను.

బ్రిటన్‌లో 1983 నాటి నిబంధనల ప్రకారం సైకిలుకు రెండు చక్రాలనూ విడివిడిగా ఆపే ఏర్పాటు ఉండాలి. ఫిక్స్‌డ్ గేరుకు వెనక చక్రం కాలితో ఆగుతుంది గనక, ముందు బ్రేకు మాత్రం ఉండి తీరాలి. 2016 ఫిబ్రవరిలో లండన్‌లో, ముందు బ్రేకు లేని ట్రాక్ సైకిలు మీద వస్తున్న ఒక టీనేజి కుర్రాడు, రోడ్డు దాటుతున్న 44 ఏళ్ళ మహిళను గుద్దాడు. ఆమె ఇద్దరు పిల్లల తల్లి. తలకు దెబ్బ తగిలి చనిపోయింది. 2017లో అతనికి 18 నెలల శిక్ష పడింది. అప్పటికి సైకిలు ప్రమాదాలకు సరిపోయే చట్టం లేక, గుర్రపు బండ్ల కాలం నాటి 1861 చట్టం కింద ఆ శిక్ష వేశారు. స్టైలు కోసం తీసేసిన ఒక్క బ్రేకు రెండు కుటుంబాలను కూల్చింది.

మలేసియాలో 2017 ఫిబ్రవరి 18 తెల్లవారుజామున జొహోర్ బారు పట్టణంలో, బ్రేకులు తీసేసి మార్పులు చేసిన సైకిళ్ళ మీద గుంపుగా తిరుగుతున్న కుర్రాళ్ళను ఒక కారు ఢీకొట్టింది. ఎనిమిది మంది పోయారు. పదమూడు నుంచి పదహారేళ్ళ లోపు పిల్లలు. కారు నడిపిన యువతి మీద కేసు ఏళ్ళ తరబడి నడిచి, 2023లో అప్పీలు కోర్టు ఆమెను నిర్దోషిగా వదిలింది. అవి ఫిక్స్‌డ్ గేరువి కావు. 'బసికల్ లజాక్' అంటారు, దిగుళ్ళలో జారిపోవడానికి కుర్రాళ్ళు సొంతంగా మార్చుకునే మామూలు సైకిళ్ళు. తమ్ముడూ, నీ కొడుకు చేసుకున్నది అలాంటి మార్పే.

జపాన్‌లో కూడా రోడ్డు మీద సైకిలుకు ముందు, వెనక బ్రేకులు చట్టప్రకారం ఉండాలి. ఈ ఫ్యాషను పెరిగాక 2011 ప్రాంతంలో పోలీసులు తనిఖీలు ముమ్మరం చేశారు. ఇక ఇక్కడ సైకిలు మీద డ్యూటీకి పోయే మన వాళ్ళ కోసం ఒక మాట. దుబాయ్‌లో 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం, గంటకు 60 కిలోమీటర్లు మించిన వేగం అనుమతించే రోడ్ల మీద సైకిలు తొక్కకూడదు. హెల్మెట్ లేకపోతే జరిమానా. మిగతా దేశాల్లో ఉన్నవాళ్ళు తమ క్యాంపు సూపర్‌వైజరునో, తెలిసిన వాళ్ళనో అడిగి కనుక్కోండి.

బ్రేకు గురించి ఇంకో సంగతి. కాలితో ఆపడం వచ్చినవాడికి బ్రేకు ఎందుకని కుర్రాళ్ళు వాదిస్తారు. సమాధానం ఉంది. సైకిలును ఆపబోతే బరువంతా ముందు చక్రం మీదికి పోతుంది. వెనక చక్రం తేలికై జారుతుంది. అందుకే వెనక చక్రం ఒక్కటే బిగిస్తే చాలా దూరం పోయాక గానీ ఆగదు. జారడం చూడ్డానికి బాగుంటుంది. పిల్లవాడు అడ్డం వచ్చినప్పుడు ఆపేది ముందు బ్రేకు. ఏళ్ళ తరబడి ఫిక్స్‌డ్ తొక్కినవాళ్ళే చాలామంది రోడ్డు మీదికి ముందు బ్రేకు లేకుండా పోరు.

ఇప్పుడు తండ్రికి జవాబు

డబ్బు పంపాలా వద్దా అని అడిగావు. వెంటనే పంపవద్దు. వద్దని కూడా చెప్పవద్దు. మధ్యలో చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి.

ఒకటి, బ్రేకులు వేయించడం. దీని మీద బేరం లేదు. నువ్వు గట్టిగా ఉండాల్సింది ఈ ఒక్క చోటే. మిగతా అన్ని చోట్లా మెత్తబడు.

రెండు, వెల్డింగు సంగతి. డబ్బు పంపకపోతే కుర్రాళ్ళు చేసే పని ఒకటుంది. ఉన్న సైకిలు ఫ్రీవీలుకే వెల్డింగు కొట్టించి ఫిక్స్‌డ్ చేసుకుంటారు. మన పాఠకుల్లో ఫిట్టర్లు, వెల్డర్లు ఉన్నారు, వాళ్ళకు చెబితే తెలుస్తుంది. మామూలు హబ్బు మీద ఉండేది ఒకే మర. ముందుకు తొక్కితే బిగుస్తుంది, వెనక్కి ఒత్తితే ఊడుతుంది. అసలు ట్రాక్ హబ్బులో పళ్ళ చక్రం పక్కనే ఎడమ మరతో ఇంకో రింగు ఉంటుంది. అది వెనక్కి ఒత్తినా ఊడనివ్వదు. వెల్డింగు చేసిన దానికి ఆ రింగు ఉండదు. దిగుడులో కాలు బిగించిన రోజున పళ్ళ చక్రం మొత్తం ఊడి తిరుగుతుంది. అప్పుడు కాలూ ఆపదు, బ్రేకూ లేదు. కాబట్టి పిల్లవాడికి 'వద్దు' అనే ముందు, వాడు ఈ అడ్డదారి తొక్కకుండా చూడు.

మూడు, పైసా ఖర్చు లేని పరీక్ష. బ్రేకులున్న ఆ మామూలు సైకిలు మీదే, కాలు కింద పెట్టకుండా నిలబడటం నేర్చుకోమను. కొంచెం ఎత్తు ఉన్న చోట, ముందు చక్రాన్ని ఎత్తు వైపు తిప్పి, పెడలు మీద మెల్లగా ఒత్తుతూ వదులుతూ ఉంటే, ఆ వాలే బండిని వెనక్కి నెడుతుంది. ఫ్రీవీలు మీద ఇది ఇంకా కష్టం. కానీ వస్తుంది. నేర్చుకునే చోటు రోడ్డు కాదు. ఖాళీగా ఉన్న కళ్ళం, బడి మైదానం చాలు. తలకు హెల్మెట్, కాళ్ళకు బూట్లు. ఒక నిమిషం కదలకుండా నిలబడ్డ రోజున వీడియో పంపమను. ఆ నిమిషానికి వాడికి వారాలు పట్టొచ్చు. ఈ ఆట మీద వాడికి ఉన్నది మోజా, పట్టుదలా అన్నది ఆ వారాల్లో నీకు తెలిసిపోతుంది. వాడికీ తెలుస్తుంది.

నాలుగు, అప్పటికీ వాడు అడుగుతూనే ఉంటే అప్పుడు కొందువుగాని. తెలిసిన షాపులో, అసలు ట్రాక్ హబ్బు ఉన్న సైకిలు, ముందు బ్రేకుతో సహా. పందేల మీదికి మనసు పోతే ఆ దారి కూడా ఉంది. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో మణిపూర్ కుర్రాడు రొనాల్డో సింగ్ స్ప్రింట్‌లో వెండి పతకం గెలిచాడు. మెట్లు దూకడం మాత్రం వాడి చదువు అయ్యేదాకా వాయిదా వేయించు. కాలు విరిగితే డిప్లొమా పరీక్షలకు కట్టుతోనే పోవాలి, ఆ ఆసుపత్రి బిల్లు కట్టడానికి నువ్వు ఇక్కడ ఇంకో సంవత్సరం ఉండాలి. ఈ లెక్క వాడికి దాచకుండా చెప్పు. పదిహేడేళ్ళవాడికి లెక్క చెబితే అర్థమవుతుంది. కేకలేస్తే అర్థం కాదు.

ఇక అసలైనది ఫోన్. మనం ఇంటికి ఫోన్ చేస్తే ఏం మాట్లాడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఫీజు కట్టావా, మార్కులెన్ని, డబ్బు అందిందా, అమ్మకు ఇవ్వు. నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు. పిల్లవాడికి ఇష్టమైన సంగతి ఒక్కటీ అందులో ఉండదు. ఇప్పుడు వాడే ఒక సంగతి మన ముందు పెట్టాడు. తమ్ముడూ, నువ్వు డ్రైవరువి. బండి, బ్రేకు, టైరు పట్టు, ఇవి నీకు కొట్టిన పిండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు బ్రేకులు తీశావెందుకురా అని మొదలుపెట్టకు. 48కి 16 పళ్ళు వేస్తే టైరు ఒక్క చోటే ఎందుకు అరుగుతుందిరా అని అడుగు. తెలియకపోతే వెతుక్కుని వచ్చి చెబుతాడు. తెలిస్తే అక్కడికక్కడే చెబుతాడు. రెండింట్లో ఏది జరిగినా ఫోన్ తీసినట్టే కదా.

ఆ నిమిషం వీడియో వచ్చిందో లేదో మాకూ ఒక ఉత్తరం ముక్క రాయి. ఇంకెవరైనా పాఠకుల పిల్లలు ఇలాంటివి నేర్చుకుంటుంటే, వాళ్ళను ఎలా దారిలో పెట్టుకున్నారో మీరూ రాయండి. పేరు వద్దంటే వేయం.

వచ్చే శుక్రవారం, ఊరికి పంపే కార్టన్లలో ఏం పెట్టొచ్చు, ఏం పెట్టకూడదు అన్న సంగతి మాట్లాడుకుందాం. అందాకా సెలవు.